సరిపోని గౌన్ల బొంత

మొన్న టెక్కలిలో మా వీధిలోకి స్టీలు సామాన్లామె వచ్చింది. పాత బట్టలు తీసుకుని గిన్నెలిచ్చే మనిషి. మా అమ్మాయికి పొట్టివైపోయిన బట్టలు ఎప్పట్నుంచో మూట కట్టి మంచం కింద తోసి ఉంచాను. ఆమెని పిలిచి ఆ మూట విప్పాను. ఆమె గుమ్మంలో కూర్చుని ఒక్కొక్కటీ దులిపి, వెలుతురుకి ఎత్తి చూసి, పక్కన పేర్చుకుంటోంది. అడుగున లేత నీలం గౌను ఒకటి వచ్చింది. ఫోనులో చూసి తెప్పించిన గౌను. వచ్చేసరికే చంకల దగ్గర బిగుతు. తిరిగి పంపుదాం, పంపుదాం అనుకుంటుండగానే గడువు దాటిపోయింది. "ఇది కొత్తదే కదమ్మా! ఒక్క ఉతుకైనా పడనేదు. తెలిసే ఇచ్చెత్తన్నారా?" అంది ఆమె. నాకేమైందో తెలీదు. ఆ గౌను ఆమె చేతిలోంచి లాక్కుని, మూట మళ్ళీ కట్టేసి, ఇప్పుడొద్దులే, ఇంకోసారి రా అని పంపేశాను. పాపం, అంతసేపు ఆమె దులిపిందంతా వృథా అయింది. ఆ తర్వాత రోజంతా నేను ఒక్కచోట కూర్చోలేదు. వంటింట్లోకి, వాకిట్లోకి, మేడ మీదికి, మళ్ళీ వంటింట్లోకి. మా అమ్మాయి పుస్తకంలోంచి తలెత్తి, "ఏంటమ్మా, కాలికి బలపం కట్టుకున్నావా?" అంది. ఈ కుదురులేనితనం నాకు మా అమ్మ ఇచ్చింది. ఇది రాస్తూ కూడా ఇప్పటికి నాలుగుసార్లు లేచాను.

మాది ఉద్దానం ఒడ్డున జాలరిపేట. కొబ్బరితోటలు, జీడితోటలు అయిపోయి ఇసక మొదలయ్యే చోట, మొగలిపొదల వెనక కొన్ని ఇళ్ళు. నా చిన్నతనంలో మా పేటలో వయసులో ఉన్న మగాళ్ళు వానాకాలంలో తప్ప కనబడేవారు కాదు. గుజరాత్‌లో వేరావలు అని ఒక రేవు ఉంది, అక్కడి బోట్ల మీద పనికి పోయేవారు. శ్రావణంలో పలాసలో రైలెక్కితే మళ్ళీ జ్యేష్ఠంలో వేట ఆపేశాకే రావడం. మా అయ్యా అంతే. నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచి ఏడాదికి రెండు నెలల అయ్య. మిగిలిన పది నెలలు ఇంట్లో ముగ్గురం ఆడవాళ్ళం, అయ్య తల్లి మా నాయినమ్మ, అమ్మ, నేను. నా తర్వాత పుట్టిన ఇద్దరూ నెలల్లోనే పోయారు. నాయినమ్మ తొణకని మనిషి. పొద్దున్నే చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ, ఇసకలో ఎండబెట్టిన నెత్తళ్ళ చేపల మీదికి కాకులు రాకుండా కర్ర పట్టుకుని కూర్చునేది. మాట్లాడాలంటే చుట్ట తియ్యాలి, అందుకని తీసి చెప్పేంత మాటైతేనే చెప్పేది. సంత రోజుల్లో ఎండు చేపల గంప నెత్తిన పెట్టుకుని ఒకసారి మందస, ఒకసారి కోటబొమ్మాళి. తిరిగొచ్చేటప్పుడు కొంగున నాకోసం జీడిపప్పు బద్దలు కట్టుకొచ్చేది, వాటికీ ఎండు చేపల వాసనే. మా ఇంట్లో అన్నిటికీ ఆ వాసనే ఉండేది, నా పుస్తకాలకి కూడా. బడిలో పై ఊరి రైతుల పిల్లలు నా పక్కన కూర్చోవాలంటే ముక్కు చిట్లించేవారు. నాకు మాత్రం ఆ వాసన ఉందని వాళ్ళు చెబితేగాని తెలీదు.

అమ్మ తీరు నాయినమ్మకి పూర్తిగా ఎదురు. ఊడ్చిన వాకిలే ఊడ్చేది, తోమిన గిన్నే తోమేది. అన్నం తింటూ మధ్యలో లేచి వెళ్ళి కోడిని తోలి వచ్చేది. "ఓలె, చెయ్యి ఎండిపోతన్నాది, కూకోని తినవే," అని నాయినమ్మ ముద్ద ముద్దకీ అనాల్సి వచ్చేది. అయ్య ఉన్న రెండు నెలలే అమ్మ కుదురుగా కనబడేది. ఆ రెండు నెలల్లో కూడా ఆఖరి పదిహేను రోజులు లెక్కలోకి రావు, అప్పటికే మళ్ళీ వాకిలి ఊడవడం మొదలయ్యేది.

అయ్య వచ్చేటప్పుడు బస్సు దిగి ఇసకలో నడిచి వచ్చేవాడు, భుజాన రెగ్జిను సంచీతో. ఆ సంచీలో లుంగీల మధ్య, కాగితంలో చుట్టి, నాకొక గౌను ఉండేది. ఏటా ఒక గౌను. కొట్టువాడికి తెలుగు రాదు, అయ్యకి వాళ్ళ మాట అంతంతమాత్రం, అందుకని నా ఎత్తు చేత్తో చూపించి కొనేవాడట. నడుం దగ్గర అరచెయ్యి అడ్డంగా పెట్టి మాకూ చూపించేవాడు, "ఇంతుంటాది మా గుంట అని సెప్పినాను" అంటూ. ఆ చెయ్యి ఎప్పుడూ, వెళ్ళేటప్పుడు నన్ను వదిలిన ఎత్తు దగ్గరే ఆగిపోయి ఉండేది. నేనేమో ఆ పది నెలలూ పెరిగేదాన్ని. అందులోనూ మా అమ్మవైపు వాళ్ళందరూ తాటిచెట్లు. అయ్య స్నానానికి వెళ్ళగానే అమ్మ నన్ను ఇంటి వెనక్కి లాక్కుపోయి, గౌను పక్క కుట్లు పళ్ళతో తెంపి, ఎలాగో నా ఒంటికి తొడిగేది. "ఊపిరి బిగబట్టు. అయ్య సూసేదాకా వదలకు," అనేది. నేను ఊపిరి బిగబట్టి, నవ్వుమొహం పెట్టి, అయ్య ఎదురుగా నిలబడేదాన్ని. "సూసినావా, కొలత తీసి కుట్టినట్టు నేదూ!" అని అయ్య మురిసిపోయేవాడు. నాయినమ్మ మొహం అటు తిప్పుకునేది. ఒక ఏడు అయ్య గట్టు మీద నీళ్ళ చెంబు అందిమ్మంటే చెయ్యెత్తాను, చంక కింద పర్రుమంది. ఆ చప్పుడు వినబడకుండా అమ్మ పెద్దగా దగ్గింది. కాసేపటికి "పండక్కి దాద్దారి" అని గౌను విప్పించి ట్రంకు పెట్టెలో పెట్టేసేది. ఎవరికైనా ఇచ్చెయ్యొచ్చు కదా అంటే ఒప్పుకునేది కాదు. "సముద్దరం మీద కట్టపడి తెచ్చినాడు. ఇంకోళ్ళ పిల్ల ఒంటి మీద సూత్తే ఆడి పేనం ఎలగుంటాది?" అనేది.

అలా ఆ పెట్టెలో ఎనిమిది గౌన్లు చేరాయి. అందులో ఒకటి పసుపుపచ్చది, అంచు నిండా చిన్న చిన్న అద్దాలు కుట్టినది. మిగిలినవాటి సంగతేమోగాని దాన్ని నేను నిజంగానే తొడుక్కోవాలనుకున్నాను. భుజాలు దాటి కిందికి దిగలేదు. ఆ ఏడాది అయ్య మీద నాకు మొదటిసారి కోపం వచ్చింది. ఆయన కళ్ళకి నేను ఎప్పుడూ కిందటేటి పిల్లనే. ఇప్పుడున్న నన్ను ఆయన ఎప్పుడు చూస్తాడు?

నేను తొమ్మిదో తరగతి పూర్తి చేసిన జ్యేష్ఠంలో పేట మగాళ్ళందరూ వచ్చారు, అయ్య రాలేదు. అమ్మ తమ్ముడు, మా మావ, వేరే బోటు మీద పని చేసేవాడు, అతను వచ్చాడు. సంచీ దించకుండానే అరుగు మీద కూర్చుని నీళ్ళడిగాడు. తాగి, మళ్ళీ అడిగాడు. అప్పుడు చెప్పాడు. "ఇంజను పాడైపోయి బోటు కొట్టుకుపోనాదక్కా. గీత దాటిపోనారు. అవతల దేశపోళ్ళు పట్టుకెల్లిపోనారు, ఏడుగుర్నీ. పేనాలకేటీ భయం నేదంట." అమ్మ అతని చేతిలో ఖాళీ గ్లాసు తీసుకుంది. "గీతేటి? సముద్దరంలో గీతేటిరా?" అంది. తర్వాత అమ్మ అదే మాట పలాసలో అడిగింది, టెక్కలిలో అడిగింది, శ్రీకాకుళంలో అడిగింది. కాగితాలు రాయించి, వేలిముద్రలు వేసి, ఆఫీసుల వరండాల్లో ఎదురుచూసేది. చదవడానికి, వేలిముద్ర ఎక్కడ వెయ్యాలో చూపించడానికి నన్ను వెంట తీసుకెళ్ళేది. అందరూ మంచిగానే మాట్లాడారు, వస్తారమ్మా, టైము పడుతుంది అన్నారు. కుర్చీ చూపిస్తే అమ్మ కూర్చునేది కాదు. బస్సులో వెళ్తుంటే హరిశ్చంద్రపురం దగ్గర రైలుగేటు పడిందంటే దిగిపోయేది. రైలు వెళ్ళేదాకా బస్సు పక్కన అటూ ఇటూ నడిచేది. డ్రైవర్లకి కూడా అలవాటైపోయింది, గేటు లేవగానే "అమ్మా, ఎక్కు" అనేవారు. నాకు సిగ్గుతో ప్రాణం పోయేది. ఇంట్లోనూ అదే తిరుగుడు. నాకూ అంటుకుంది. బడిలో పాఠం జరుగుతుంటే లేచి బయటికి వెళ్ళిపోవాలనిపించేది, ఎక్కడికో తెలీదు.

దీపావళి దాటాక ఉత్తరం ఒకటి వచ్చింది. ఎవరో తెలుగు తెలిసినవాడి చేత రాయించినట్టున్నాడు, అయ్య మాటల్లా లేవు. నేను అరుగు మీద నిలబడి చదివాను. నేను క్షేమం, మీరు క్షేమమని తలుస్తాను. తిండికి లోటు లేదు. ఇక్కడ చలి ఎక్కువ, ఇచ్చిన కంబళి గుచ్చుకుంటుంది. మన పిల్ల నీల ఎంత ఎత్తయింది? ఈ ఏడు గౌను కొనలేకపోయాను. అంతే ఉంది. అమ్మ మళ్ళీ చదవమంది, మళ్ళీ చదివాను. నాయినమ్మ నోట్లోంచి చుట్ట తీసింది.

"బొంత కుడదారి," అంది. "ఆడొచ్చీసరికి తయారుగా ఉండాల. నా సీరలున్నాయి అడుక్కి. పైన ముక్కలకి ఆ గౌన్లు తియ్యి."

"సీరలు సరే. గౌన్లు తియ్యను," అంది అమ్మ.

"ఎందుకు తియ్యవు? తొడుగుతాదేటి అది ఇంకా?"

"సచ్చినోడి గుడ్డలకి కత్తిరెడతారత్తా. ఆడు బతికున్నాడు. బతికున్నోడు తెచ్చిన గుడ్డలకి నానెలా ఎడతాను?"

నాయినమ్మ చుట్ట మళ్ళీ నోట్లో పెట్టేసుకుంది. ఆ మాట మీద వాళ్ళిద్దరికీ చాలా రోజులు పేచీ నడిచింది, చాలావరకు మాటల్లేకుండానే. నాయినమ్మ చీరలు ఉతికి గంజి పెట్టకుండా ఆరేసి మడతపెట్టి ఉంచేది. అమ్మ వాటిని చూడనట్టు దాటుకుని వెళ్ళేది.

ఒక ఆదివారం అమ్మ పలాస వెళ్ళింది, నాయినమ్మ సంతకెళ్ళింది. నేను ఒక్కదాన్నే. వాకిట్లోకి, ఇంట్లోకి తిరిగి తిరిగి, చివరికి ట్రంకు పెట్టె తెరిచాను. వేపాకు ఎండిపోయి పొడిపొడిగా రాలింది. గౌన్లన్నీ మంచం మీద వరసగా పరిచాను. ఒక్క మరక లేదు, ఒక్క చోట వెలిసిపోలేదు. పసుపుపచ్చది ఎత్తి గుండెలకి ఆనించుకుంటే బొడ్డు దగ్గరికి వచ్చింది. వల తాళ్ళు కోసే కత్తి గూట్లో ఉంది. బొంత కోసం కోశానని, నాయినమ్మ మాట విన్నానని తర్వాత చాలామందికి చెప్పాను. నిజం అది కాదు. నాకు ఆ గౌను కొయ్యాలనిపించింది, కోశాను. మెడ దగ్గర్నుంచి కిందికి, ఒక్క లాగుడులో. అద్దం ఒకటి ఊడి నేల మీద దొర్లింది. కోశాక భయం వేసింది, అయినా రెండోది కూడా తీశాను.

అమ్మ వచ్చి చూసి వీపు మీద రెండు చరిచింది. మూడోదానికి చెయ్యి లేవలేదు. నేల మీద కూలబడి పసుపు గౌను రెండు సగాలూ దగ్గరికి పెట్టి చూసుకుంది, అతుకుతాయేమో అన్నట్టు. "ఆడొత్తే నానేటి సెప్పాలే? ఏటి సెప్పాలి?" అంది.

"సరిపోలేదని చెప్పు. ఒక్కటీ, ఎప్పుడూ సరిపోలేదని చెప్పు!" అని నేను అరిచాను.

అమ్మ తలెత్తి నన్ను కింద నుంచి పైదాకా చూసింది. చాలాసేపు చూసింది. ఆఫీసుల చుట్టూ ఇన్ని నెలలూ నన్ను పక్కన పెట్టుకుని తిరిగిన మనిషి, "ఇంత పొడుగైపోనావేటే నువ్వు?" అంది. మర్నాడంతా నాతో మాట్లాడలేదు. ఆ మర్నాడు తనే పెట్టె అరుగు మీదికి ఈడ్చుకొచ్చి, నాయినమ్మ ముందు పెట్టింది.

మేం కుట్టడం మొదలుపెట్టాం. అడుగున నాయినమ్మ నేతచీరలు నాలుగు పొరలు, వాటి మీద ఎప్పుడో పోయిన తాతయ్య పంచె ఒకటి, ఆ పైన గౌన్ల ముక్కలు. అమ్మ ఇంట్లో ఉన్న వల దారంతో కుడదామంది. నైలాన్ దారం గుడ్డని కోసేస్తుందని నాయినమ్మ ఒప్పుకోలేదు, మందస నుంచి నూలుదారం తెచ్చింది. వలలు అల్లిన చేతులు కదా, ఆమె కుట్టు ఎక్కడ చూసినా ఒకే ఎడం. నావి చీమల బారులా వంకర పోయేవి. "ఇప్పీ, మళ్ళీ కుట్టు," అనేది. విప్పేదాన్ని. అద్దాలన్నీ పీకించేసింది, "ఈపుకి గుచ్చుకుంతాయి, కంబళి గుచ్చుకుంతాదని రాసినాడు కదే" అని. అన్నిటికంటే వింత అమ్మ సంగతి. ఆ మనిషి సూది చేతిలో ఉంటే కూర్చునేది. మధ్యాన్నం అన్నాలయ్యాక మొదలుపెట్టి దీపాల వేళదాకా కదిలేది కాదు. కుడుతూ మాట్లాడేది. అంతకుముందు అమ్మ నాతో అన్ని మాటలు ఎప్పుడూ చెప్పలేదు. అయ్య తనకి తెచ్చిన జాకెట్లు కూడా ఒక్కటీ పట్టేవి కావని ఆ అరుగు మీదే చెప్పింది. పెళ్ళినాటి కొలతలతో కొనేవాడట. ఒక ఎర్ర జాకెట్టు తెచ్చి ముక్కల్లో కలిపి, "ఇది ఎక్కితే నానీపాటికి మీ అయ్యెనకే గుజరాతు ఎగిరిపోదును," అంటే ముగ్గురం నవ్వాం. నవ్వు ఆగాక అమ్మ సూది ఆపింది.

"అత్తా, నాకు ఆడి మొకం గుర్తు రాటం నేదు. గొంతు గుర్తొత్తాది. నడక గుర్తొత్తాది. మొకం రాదు. రెండు నెలలు సూసి పది నెలలు మర్సిపోతాను. ఇప్పుడు ఏడాదిన్నరైపోనాది."

నాయినమ్మ చుట్ట తీసి పక్కన పెట్టింది. "ఇలా సూడు. నా మొకం సూడు. ఆడిది నా ముక్కే, నా గెడ్డమే. మీసాలెట్టుకో," అంది. అమ్మ నిజంగానే చూసింది. నేనూ చూశాను.

బొంత మాఘంలో పూర్తయింది. అయ్య ఆ తర్వాతి వానాకాలానికి వచ్చాడు. వదిలేశారని కబురు తెలిసిన రోజు నుంచి రైలు వచ్చిన రోజు దాకా అమ్మ ఎన్ని మైళ్ళు నడిచి ఉంటుందో మా పేట ఇసకకే తెలియాలి. నేను పది పాసై టెక్కలిలో ఇంటర్లో చేరాను, ఓణీ వేసుకుని పలాస స్టేషనుకి వెళ్ళాను. ఏడుగురి ఇళ్ళవాళ్ళూ వచ్చారు. రైలు దిగినవాళ్ళలో అయ్యని ముందు నాయినమ్మ పోల్చింది. చిక్కిపోయాడు, జుట్టు సగం తెల్లబడింది. నాయినమ్మ కాళ్ళు పట్టుకున్నాడు, అమ్మ చెయ్యి పట్టుకున్నాడు. తర్వాత మా మధ్యలో, మా వెనక, ప్లాట్‌ఫారం మీద చూశాడు. "పిల్లేది? బళ్ళోకెల్లిందేటి?" అన్నాడు. నేను ఆయనకి బారెడు దూరంలో నిలబడి ఉన్నాను. ఆయన చూపు నా నడుం దగ్గర, గాలిలో ఎక్కడో వెతుకుతోంది. "అయ్యా," అన్నాను నేను. ఆయన తలెత్తాడు. ఊళ్ళో పెద్దవాళ్ళ ఆడపిల్ల ఎదురుపడితే పక్కకి జరిగినట్టు, ఒక్క అడుగు వెనక్కి జరిగాడు.

ఇంటికొచ్చాక అమ్మ బొంత తెచ్చి మంచం మీద పరిచింది. అయ్య దాని పక్కన కూర్చుని వేలితో ఒక్కో ముక్కా తడిమాడు. ప్రతి దాన్నీ పోల్చాడు, ఇది తుపాను ఏడు కొన్నది, ఇది కొట్టువాడు ఇవ్వనంటే బతిమాలి తెచ్చింది అని. తడుముతూ తడుముతూ ఆగాడు. "గుడ్డ నలగనే నేదు. ఇయ్యి తొడగనేదేటి?"

"తొడిగింది. ఎందుకు తొడగదు," అంది అమ్మ.

ఆ అబద్ధం అలా ఉండనిస్తే సరిపోయేది. "లేదయ్యా. ఒక్కటీ పట్టలేదు," అన్నాను.

"మరి నవ్వుతా నిలబడీదానివి కదే?"

"ఊపిరి బిగబట్టి నిలబడేదాన్ని."

అయ్య ఆ బొంత తలదాకా లాక్కుని అటు తిరిగి పడుకున్నాడు. పట్టపగలు, ఉక్కపోతలో. అన్నానికి లేపితే లేచి తిన్నాడు. తర్వాత ఆయన నాకు ఎప్పుడూ బట్టలు కొనలేదు. పండగొచ్చినా, నా పెళ్ళికైనా, "నీకేటి కావాలో నువ్వే సూసి కొనుక్కో అమ్మా," అన్నాడు. నాతో గట్టిగా ఒక మాట అనడం కూడా మానేశాడు. ఇంటికొచ్చిన చుట్టంతో ఉన్నట్టు ఉండేవాడు. ఆ మాట అనకుండా ఉండాల్సిందని నేను ఎన్నిసార్లు అనుకున్నానో. అన్నందుకే కదా నన్ను చూశాడని కూడా అనుకుంటాను. ఈ రెండు ఆలోచనల మధ్యా ఇప్పటికీ తిరుగుతూనే ఉంటాను.

ఆయనకీ కాలు నిలవలేదు. తలుపు మూస్తే ఉండలేకపోయేవాడు. పొద్దస్తమానం ఒడ్డు వెంట నడిచేవాడు, వెనక కాస్త దూరంలో అమ్మ నడిచేది. ఇక్కడే తెప్ప మీద వేటకి వెళ్తానన్నాడు, ఒక ఏడాది వెళ్ళాడు. మరుసటి శ్రావణానికి మళ్ళీ వేరావలు రైలెక్కాడు. ఎందుకని నాయినమ్మ అడిగితే, "ఇక్కడేటుందే అమ్మా," అన్నాడు. అమ్మ ఆ రెగ్జిను సంచీలో బొంత కుక్కింది. రెండు వేట కాలాలు అది బోటు మీదే ఉంది. వానాకాలంలో ఇంటికి తెస్తే డీజిలు వాసన, అమ్మ సోడా వేసి ఉడకబెట్టి ఉతికేది.

మూడో ఏడు అయ్య బొంత లేకుండా వచ్చాడు. అన్నం తింటూ, ఎవరూ అడక్కముందే చెప్పాడు. బోటు మీద ఇచ్ఛాపురం అవతలి మనిషొకడు ఉండేవాడు, జ్వరం తగిలి నడిసముద్రంలో పోయాడు. ఒడ్డుకి రావడానికి రెండు రోజులు పట్టింది. "టార్పాలిను కప్పమన్నారు. నాకు మనసొప్పనేదు. బొంత కప్పినాను. ఒడ్డున దహనం సేసినప్పుడు దాంతోనే." అమ్మ విని, "మంచి పని సేసినావు మావా," అంది. లేచి వెళ్ళి ఊడ్చిన వాకిలి ఊడ్చింది. నేనప్పుడు డిగ్రీలో ఉన్నాను. నాకు మాత్రం ఒళ్ళు మండింది. నా ఎనిమిదేళ్ళు ఆ బొంతలో ఉన్నాయి, నన్ను అడక్కుండా ఇచ్చేశాడు అనుకున్నాను. అలా అనుకునే వయసు అది.

ఇప్పుడు అయ్య రోజూ మా అమ్మాయిని ఫోనులో చూస్తాడు. దాని పన్ను ఊడినా, దాని జుట్టు కత్తిరించినా ఆ పూటే తెలుస్తుంది. దానికేది పడుతుందో దాని తండ్రి అంగుళాలతో సహా చెప్పగలడు. పట్టకపోతే తిరిగి పంపించే వీలుంది. ఇది మంచిదే, మా అమ్మ పడ్డది ఎవరూ పడకూడదు. కానీ మా ఇంట్లో ఏ గుడ్డ గురించీ ఎవరూ రెండో మాట మాట్లాడరు. మూట కట్టి ఇచ్చెయ్యడమే. నేను ఒక బొంత మొదలుపెడదామని రెండుసార్లు సూది తీశాను, పావుగంట కూర్చోలేకపోయాను. ఎందుకు కూర్చోలేనో ఆలోచిస్తే ఒక మధ్యాహ్నం గుర్తొస్తుంది.

అయ్య బొంత లేకుండా వచ్చిన మరుసటి వేసవి. ఆయన వేరావలు నుంచి వచ్చి నాలుగు రోజులైంది. నేను ఇంటికొచ్చి తిరిగి వెళ్తున్నాను, సంచీ సర్దుకుని అరుగు మీద పెట్టాను. అప్పుడు ఒకామె అడుగుతూ అడుగుతూ మా ఇంటికి వచ్చింది. చేతిలో అరటిపళ్ళ అత్తం. ఒడియా యాసలో తెలుగు మెల్లిగా, వెతుక్కుని మాట్లాడుతోంది. బోటు మీద పోయిన మనిషి భార్య. అయ్య లేచి నిలబడ్డాడు, మళ్ళీ కూర్చోలేదు. ఆమె అమ్మ పక్కన కూర్చుని, "ఆ బొంత ఎలాటిదక్కా?" అని అడిగింది. "ఏదో బొంత కప్పినామని సెప్పినారు. ఎలాటిదో ఎవరూ సెప్పనేదు. నాను సూడనేదు కదా, ఏటీ సూడనేదు." తర్వాత అయ్య వైపు తిరిగి, "పొడుగు మనిషి. కాళ్ళు కప్పినాదా?" అంది.

"కప్పినాదమ్మా. నాను సూసినాను," అన్నాడు అయ్య.

అమ్మ నేల మీద చేత్తో ఒక చదరం గీసింది. "ఇది తల కాడనుకో," అని మొదలుపెట్టింది. ఇక్కడ ఎర్ర ముక్క, దాని పక్కన గళ్ళది. కళ్ళు మసకలైన నాయినమ్మ మంచం మీంచే, "కాదే, గళ్ళది రెండో వరస," అని దిద్దింది. ఆ ఇల్లాలు నేల మీద అమ్మ వేలు ఎటు పోతే అటు చూస్తోంది, అక్కడ నిజంగా గుడ్డ ఉన్నట్టు. ఆ ముక్కలు అమ్మ కంటే, నాయినమ్మ కంటే నాకే బాగా తెలుసు. నోరు తెరిచాను కూడా. అంతలో రోడ్డు మీద బస్సు హారను వినబడింది. నేను సంచీ తీసుకున్నాను. అమ్మ ఒకసారి నా వైపు చూసి, మళ్ళీ నేల వైపు తిరిగింది. నేను ఇసకలో పరిగెత్తి బస్సెక్కాను. ఏదో పరీక్ష ఉందని గుర్తు, ఏ పరీక్షో గుర్తులేదు. మర్నాడు వెళ్ళినా ఏమీ అయ్యేది కాదు.

మళ్ళీ ఇంటికెళ్ళినప్పుడు, ఆమె ఎంతసేపు ఉందని అమ్మని అడిగాను.

"పొద్దుపోయేదాకా. మొత్తం సెప్పించుకుంది."

"ఇంకేమడిగింది?"

"ఆ బొంత ఎవరెవరు కుట్టినారని అడిగింది. ముగ్గురం అని సెప్పినాను. ఎవరేయి కుట్టినారో ఏరుగా సెప్పమంది. నావి సెప్పినాను, మీ నాయినమ్మయి సెప్పినాను. మీ పిల్ల ఏ ముక్కలు కుట్టింది అంది."

"ఏం చెప్పావు?"

అమ్మ చీపురు తీసుకుంది. "ఏటి సెప్తానే? నువ్వెల్లిపోనావు కదా," అంది.